రాజుగారి పడకగదిలో గంటసేపు

"ఏమే, తెల్ల మాత్ర ముందా, ఎర్ర మాత్ర ముందా?"

బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందన్న సంతోషం ఇంకా పూర్తిగా అనుభవించకముందే ఫోనులో అత్తగారి గొంతు. "తెల్లది ముందండీ అత్తయ్యా. ఏదైనా తిన్నాక ఎర్రది," అని చెప్పింది. పొద్దున ఐదింటికీ ఇదే చెప్పింది. నిన్నా, మొన్నా కూడా చెప్పింది. బయల్దేరి వచ్చేముందు మాత్రల డబ్బాల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి అంటించి మరీ వచ్చింది. ఆవిడకి కళ్ళు బాగానే కనపడతాయి. "రాసిందేం నమ్మకమే, నీ నోటితో చెబితే నాకు నిశ్చింత," అంటారావిడ. ఆ నిశ్చింత ఆవిడదే.

పక్క సీటులో కూర్చున్న రూమ్మేటు ఇరవైమూడేళ్ళ పిల్ల. మన భాషే మాట్లాడుతుంది కాబట్టి ఫోనులో వినపడిందంతా అర్థం చేసుకుంటుంది. "మీ ఇంట్లో ఎవరికీ చదవడం రాదా అక్కా?" అంది.

"ఎందుకు రాదు, మీ బావగారు రెండు డిగ్రీలు చదివారు."

ఈమెని బడిలో పిల్లలూ, వీధిలో జనమూ టీచరమ్మ అంటారు. మనమూ అలాగే అందాం. ముప్పైతొమ్మిదేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా బడిలో చరిత్ర పాఠాలు చెబుతోంది. తొమ్మిదో తరగతి పుస్తకంలో పదకొండో పాఠం ఈ దేశపు రాజధాని గురించే. అందులో రాజభవనం బొమ్మ ఒకటుంది. అచ్చులో సిరా అలుక్కుపోయి, కోట ద్వారం పుచ్చిపోయిన దవడ పన్నులా కనపడుతుంది. ఏటా ఆ బొమ్మని నల్లబల్ల మీద గీసి, "ఇది గంటల గోపురం, ఇది రాతి వంతెన, ఇది రాజుగారి భవనం," అని చెబుతుంది. "మీరు చూశారా టీచర్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. "చూడలేదు," అని ఏటా చెప్పింది. ఇప్పుడు ఉపాధ్యాయుల కోసం పెట్టిన ఏడాది చదువుకి బడివాళ్ళు ఏరి పంపితే ఈ దేశం వచ్చింది. తొమ్మిది నెలలయింది. విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి రాజధాని మూడు గంటల దారి. ఇవాళ తరగతి మొత్తాన్నీ ఒక్కరోజు చూపించి తీసుకొస్తున్నారు.

ఏరి పంపింది బడివాళ్ళయినా, పంపించిన పేరు మాత్రం మొగుడికి వచ్చింది. "ఎంత మంచివాడమ్మా, ఏడాదిపాటు పంపించాడు," అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. ఆయన కూడా ఆ మాట విని సోఫాలో కాస్త నిటారుగా కూర్చున్నాడు. "వెళ్ళు, నేనేమైనా వద్దన్నానా?" అన్నాడు. "కాకపోతే ఒక్కటే మాట. ఇంట్లో ఏదీ ఆగకూడదు. ఏ ఒక్కటి ఆగినా మధ్యలో వచ్చెయ్యాల్సిందే. తర్వాత నన్ననొద్దు." ఆమె సరేనంది. ఆ సరే అన్న మాటకి అర్థమేమిటో ఇక్కడికి వచ్చాక గాని తెలియలేదు.

ఇక్కడికీ ఇంటికీ మూడున్నర గంటల తేడా. వాళ్ళ పొద్దు ముందు పొడుస్తుంది. ఆయన ఐదున్నరకి లేవాలి. అలారానికి లేవడు, తల్లి పిలిచినా లేవడు. "నువ్వు లేపితేనే నాకు మెలకువ వస్తుంది, ఆ రోజంతా బాగుంటుంది," అన్నాడు ఒకసారి. పెళ్ళయిన ఏడాది ఆ మాటకి మురిసిపోయిన మాట నిజమే. వాళ్ళ ఐదున్నరకి ఇక్కడ రెండు. తొమ్మిది నెలలుగా ఆమె రోజూ రెండింటికి లేచి, దుప్పటి తల నిండా కప్పుకుని, రూమ్మేటుకి వినపడకుండా "లేవండీ, టైమయింది," అని మొగుణ్ణి లేపుతోంది. ఆయన "ఆఁ" అని మళ్ళీ పడుకుంటాడు. పది నిమిషాలాగి ఇంకోసారి లేపాలి. ఐదింటికి అత్తగారి మాత్రలు. మధ్యాహ్నం కూతురు బడి నుంచి వచ్చిందా లేదా. రెండింటికి నీళ్ళ మోటారు.

మోటారు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వాళ్ళింటికి సాయంత్రం ఐదు దాటాక నీళ్ళు వస్తాయి. వంటింటి తలుపు వెనక స్విచ్చి వేస్తే పాతిక నిమిషాల్లో పైన ట్యాంకు నిండుతుంది. అప్పుడు ఆపాలి. ఆపకపోతే పైనించి పొర్లి కింది వాటా వాళ్ళ గుమ్మంలో పడుతుంది. ఇంతే పని. ఇంట్లో ముగ్గురున్నారు, ముగ్గురికీ చేతులున్నాయి. అయినా "అలాంటివన్నీ నీకే గుర్తుంటాయి, మాకెక్కడ?" అంటారు. అందుకని సముద్రాల ఇవతలి నుంచి రోజూ "మోటారు వెయ్యండి" అని ఒక ఫోను, "మోటారు ఆపండి" అని ఒక ఫోను. వేరే దేశంలో కూర్చుని ఇంటి మోటారు నడిపే మనిషి లోకంలో తానొక్కతే అయి ఉంటుందని ఆమెకి అప్పుడప్పుడు నవ్వు కూడా వచ్చేది. ఈమధ్య రావడం లేదు.

కోట ద్వారం ముందు దిగేసరికి తొమ్మిదయింది. పన్నులా లేదు. పైన రాతి పూలు, మెట్ల మీద జనం అరిగించిన నున్నదనం, అంత ఎత్తు. పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూసిన చోటు. ఏదో అవుతుందనుకుంది. కళ్ళు చెమరుస్తాయనో, ఒళ్ళు పులకరిస్తుందనో. ఏమీ కాలేదు. మడమ నొప్పిగా ఉంది, కూర్చోవడానికి ఎక్కడైనా అరుగుందా అని చూసింది. అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

గంటల గోపురం దగ్గర మొగుడు వీడియోలో వచ్చాడు. ఆఫీసులో పక్కన నలుగురున్నారు. "ఇదిగో మా ఆవిడ, నేను పంపిస్తేనే వెళ్ళింది," అని వాళ్ళకి చూపించాడు. "కొంచెం పక్కకి జరుగు. ఇంకా జరుగు. నువ్వు అడ్డమొస్తున్నావు, గోపురం కనపడట్లేదు." ఆమె జరిగింది. ఫోను పైకెత్తి పట్టుకుని గోపురానికి వీపు పెట్టి పావుగంట నిలబడింది. గోపురం మీద గంట కొట్టే బొమ్మలు బయటికి వచ్చి తిరిగి లోపలికి వెళ్ళిపోయాయట. రూమ్మేటు చెప్పింది. రాతి వంతెన మీద కూతురు స్కూలు బూట్ల జత ఎక్కడుందని ఒక ఫోను. మంచం కింద అట్టపెట్టెలో ఉంది. వంతెన దాటాక, దాటినట్టు తెలిసింది.

రాజభవనం దగ్గర అందరినీ పోగుచేసి ప్రొఫెసరు నిలబడింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా ఉంటుంది, విద్యార్థులంతా వెనకాల పెద్దమేడం అంటారు. ఆవిడ పద్ధతి ఆవిడది. రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూ పరీక్షలో అడగదు. "రెండింటి నుంచి మూడింటి దాకా ఒక్క గదిలో ఒక్క వస్తువు ముందు కూర్చోండి. రాయొద్దు, ఫోటో తియ్యొద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు. ఫోను సంచిలో ఉండాలి. చూడండి, అంతే. మూడు నుంచి నాలుగు దాకా రెండు పేజీలు రాసి ఇవ్వండి." ఏడాది మొత్తానికి వంద మార్కులైతే ఈ రెండు పేజీలకి యాభై. ఇందులో తప్పితే పట్టా రాదు.

అందరికీ అది తేలిక పని. టీచరమ్మకి మాత్రం కాదు. రెండింటికి మోటారు. పెళ్ళయ్యాక ఒక గంట పూర్తిగా ఎవరూ పిలవకుండా గడిచిన రోజు ఏదైనా ఉందా అని వెతుక్కుంది. ప్రసవమప్పుడు మత్తిచ్చిన గంట ఒక్కటే తగిలింది.

సరే, ఏదో ఒక ఉపాయం చెయ్యాలి. రెండుకి పది నిమిషాల ముందే ఇంటికి చేసి, "నీళ్ళు వచ్చే ఉంటాయి, మోటారు వెయ్యండి," అంది. రెండుంబావుకి ఫోను వణికేలా అలారం పెట్టి, మోగకుండా చేసి, సంచిలో కాక కోటు జేబులో పెట్టుకుంది. వణకగానే గది బయటికి వెళ్ళి రెండు ముక్కల్లో "ఆపండి" అని చెప్పి వచ్చేయొచ్చు. పెద్దమేడం పెట్టిన నియమం తప్పుతున్నందుకు ముఖం ఎర్రబడింది, కానీ ఇంట్లో ఏదీ ఆగకూడదన్న నియమం ఇంకా పాతది.

తోటివాళ్ళు సింహాసనం దగ్గరికీ, ఆయుధాల గదికీ పరుగెత్తారు. ఆమె రాజుగారి పడకగది ఎంచుకుంది. చరిత్ర మీద గౌరవంతో కాదు. అన్ని గదుల్లోకీ ఆ ఒక్కదానిలోనే ఆనుకోవడానికి వీపు ఉన్న బల్ల కనపడింది.

తాడు కట్టిన అవతల మంచం. నాలుగు స్తంభాలు, ఎర్ర తెరలు, బంగారు కుచ్చులు. గోడకి ఒక పలక. రాజుగారిని రోజూ ఉదయం ఏడింటికి నిద్రలేపే హక్కు ఏడుగురు గొప్పింటి వాళ్ళకి ఉండేదట. ఒకరు తెర తీస్తారు, ఒకరు చొక్కా అందిస్తారు, ఒకరు చెప్పులు పెడతారు. ఆరింటికే వచ్చి గది బయట నిలబడేవారట. ఆ ఏడుగురి పేర్లూ బిరుదులూ వరసగా ఉన్నాయి. ఒక్క మనిషిని లేపడానికి ఏడుగురా అని ముందు నవ్వుకుంది. మా ఇంట్లో ముగ్గురిని లేపడానికి ఒక్కత్తే సరిపోతోంది కదా అనుకుంది. గది మూల కాపలా ఉన్న ఆడమనిషి, ఇంచుమించు తన వయసుదే, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటోంది. కిటికీ లోంచి పలచటి ఎండ బల్ల మీద పడుతోంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరూ ఏమీ అడగటం లేదు. టీచరమ్మ వీపు ఆనించింది. చూడాలి, బాగా చూడాలి అనుకుంటూ మంచం మీది కుచ్చులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్నాలుగు దాకా గుర్తుంది.

నిద్ర సుఖమెరగదని ఊరికే అనలేదు. చెక్కబల్ల మీద, చుట్టూ జనం తిరుగుతుండగా, తల గోడకి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, టీచరమ్మ తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి నిద్రపోయింది. కల కూడా రాలేదు. భుజం మీద ఎవరో చెయ్యి వేస్తే కళ్ళు తెరిచింది. కాపలా ఆవిడ. "మూడయింది," అని గోడ గడియారం చూపించింది. బల్ల ముందు నుంచి జనం వెళ్ళకుండా ఆవిడ ఒక తాడు ముక్క అడ్డం కట్టి ఉంచింది. ఇప్పుడు దాన్ని విప్పుకుంటోంది. ఇన్నేళ్ళలో తన నిద్రకి ఒకరు కాపలా కాయడం ఇదే మొదలని టీచరమ్మకి తట్టింది. లేచి, తాడు రెండో కొస తనూ విప్పబోయింది.

తర్వాత మోటారు గుర్తొచ్చింది. జేబులో అలారం ఎప్పుడు వణికి ఆగిపోయిందో తెలియనే లేదు. ఫోను తీస్తే కూతురి నుంచి పదకొండుసార్లు. మొగుడు ఒక్కసారి కూడా చెయ్యలేదు గానీ ఒక మెసేజి పెట్టాడు. "ట్యాంకు పొర్లి కింది వాళ్ళ గుమ్మం అంతా నీళ్ళు. వాళ్ళొచ్చి నానా మాటలూ అన్నారు. ముందే చెప్పాను, ఏ ఒక్కటి ఆగినా వచ్చెయ్యాలని."

వెంటనే ఫోను చేసి, తప్పయిపోయిందండీ అనాలి. వేలు అక్కడికి వెళ్ళింది కూడా. కానీ రెండు పేజీలు రాయడానికి ఉన్నది ఒక్క గంట. అందరూ అప్పుడే మెట్ల మీద కూర్చుని గబగబా రాస్తున్నారు. ఫోను సంచి అడుక్కి తోసి, తనూ కూర్చుంది.

ఏం రాయాలి? చూడనేలేదు కదా. పదకొండో పాఠం కంఠతా వచ్చు. రాజుగారి వైభవం, శిల్పుల నైపుణ్యం, ఆనాటి కళాపోషణ. పద్దెనిమిదేళ్ళుగా అప్పజెప్పింది. ఒక పేజీ అలాగే నింపింది. చదువుకుంటే తన ముఖమే తనకి చూడబుద్ధి కాలేదు. ఇంట్లో అబద్ధం, ఇక్కడా అబద్ధమేనా? ఎవరడిగినా "నాకేం ఫరవాలేదు, నిద్ర సరిపోతోంది," అని తొమ్మిది నెలలుగా చెబుతున్న నోటితో, ఇప్పుడు రాజుగారి మంచం మహా బాగుందని కూడా చెప్పాలా? కాగితం చింపేసింది. ఇరవై నిమిషాలే మిగిలాయి. వచ్చీరాని ఆ దేశపు భాషలో, ఉన్నదున్నట్టు రాసింది.

"ఈ గదిలో నేను పది నిమిషాలు చూశాను. యాభై నిమిషాలు నిద్రపోయాను. క్షమించండి. రాజుగారు ఏడింటికి లేచేవారు. లేపే ఏడుగురు ఆరింటికే వచ్చేవారు. అంటే వాళ్ళు ఐదింటికి లేవాలి. వాళ్ళని లేపడానికి వాళ్ళ ఇళ్ళల్లో ఎవరో నాలుగింటికి లేవాలి. ఆ నాలుగింటి మనిషి ఎవరు? పలక మీద పేరు లేదు. ఆమె ఎప్పుడు పడుకునేది? పద్దెనిమిదేళ్ళు చరిత్ర చెప్పాను, ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. నిద్ర తీరాక అడగాలనిపించింది."

రెండు పేజీలు కాదు, అర పేజీ అయింది. నాలుగింటికి ఇచ్చేసింది. పెద్దమేడం నిలబడే చదివి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "బాగా పట్టిందా నిద్ర?"

"పట్టిందండీ."

ఆవిడ కాగితాన్ని మిగతా వాటిలో కలిపి సంచిలో పెట్టుకుంది. యాభైకి ఎన్ని వేస్తుందో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. పోతే పోయిందిలే అనుకోవడానికి టీచరమ్మ ప్రయత్నించింది. పోతే ఆ మొగుడి మాటే నెగ్గుతుంది కదా అని భయమేసింది.

బస్సు కదిలాక కూతురికి చేసింది. పధ్నాలుగేళ్ళ పిల్ల. మొదటి రింగుకే ఎత్తింది.

"అమ్మా, నీకేం కాలేదు కదా? ఎత్తకపోతే భయమేసింది."

"ఏం కాలేదు తల్లీ. నిద్రపట్టేసింది, అంతే. మోటారు చివరికి ఎవరాపారు?"

"నలభై నిమిషాలు పొర్లాక కింది ఆంటీ పైకొచ్చి ఆపారు."

"నాన్న ఇంకా రాలేదా అప్పటికి?"

"వచ్చేశారు. ముందుగదిలో టీవీ చూస్తున్నారు."

"నానమ్మ?"

"పక్కనే కూర్చుంది. నేను వంటింట్లో ఉన్నా." పిల్ల గొంతు తగ్గించింది. "నేను ఆపబోయానమ్మా. స్విచ్చి మీద చెయ్యి కూడా పెట్టాను. నాన్నే వద్దన్నారు. ముట్టుకోకు, పొర్లనీ, మీ అమ్మకి ఎంతసేపటికి గుర్తొస్తుందో చూద్దాం అన్నారు. నువ్వు చెబితే ఆపొచ్చు కదా అని అన్నిసార్లు చేశా."

కిటికీ అవతల రాజధాని అయిపోయి పొలాలు మొదలయ్యాయి. నలభై నిమిషాలు. ఇంట్లో ముగ్గురూ ఉన్నారు. నీళ్ళు పడుతున్న చప్పుడు ముగ్గురూ విన్నారు. ఒకడు టీవీ శబ్దం పెంచుకుని, భార్య తప్పు చేసే క్షణం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. తొమ్మిది నెలలుగా రెండింటికి లేచి ఆమె లేపింది ఇతణ్ణి. కోపం వస్తుందనుకుంది. వచ్చింది కూడా. అదెంతోసేపు నిలవలేదు. దాని వెనకే అంతకంటే పెద్ద అలసట ఒకటి వచ్చి కూర్చుంది. ఇల్లు తన వల్లే నడుస్తోందని ఇన్నాళ్ళూ నమ్మింది. నడవకూడదనుకున్న వాళ్ళ ఇంటిని ఎవరు నడపగలరు?

"ఇదిగో విను," అంది కూతురితో. "ఇకనుంచి నీళ్ళు పొర్లుతుంటే నువ్వే ఆపెయ్యి. ఎవరినీ అడగకు. నన్ను కూడా."

"నాన్న అరిస్తే?"

"అరవనీ. మోటారైతే ఆగుతుంది కదా."

అవతల ఎవరో ఫోను లాక్కున్న చప్పుడైంది. మొగుడి గొంతు. "ఏం, తృప్తిగా చూశావా ఊరంతా? ఇక్కడ కింది వాళ్ళ ముందు నాకు తల కొట్టేసినట్టయింది."

"మోటారు స్విచ్చి మీరు కూర్చున్న చోటికి ఎన్నడుగులండీ?"

"అదేం ప్రశ్న?"

"ఊరికే. ఎనిమిదో, తొమ్మిదో ఉంటాయి."

"మాట మార్చకు. మాటంటే మాటే. ఈ నెలాఖరుకి సర్దుకుని వచ్చెయ్."

"మూడు నెలల్లో పరీక్షలండీ. రాసే వస్తాను. ఇవాళ్టి పేపరు పోయినా, మళ్ళీ రాసుకునే వస్తాను."

ఇటువంటి జవాబు ఆయన ఎప్పుడూ వినలేదు. చివరికి తనకి బాగా అలవాటైన మాట దొరికింది. "సరేలే, ఆ కబుర్లు తర్వాత. రేపు మా పెద్దాఫీసరు వస్తున్నాడు, నేను పెందలాడే ఉండాలి. ఐదున్నరకి లేపడమైనా గుర్తుంటుందా, అదీ మర్చిపోతావా?"

రూమ్మేటు చదువుతున్న పుస్తకం మూసి ఆమె వైపే చూస్తోంది. టీచరమ్మ గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"మర్చిపోవడం కాదండీ, మానేస్తున్నాను."